కంకి పొడవు చూసి కొన్న హైబ్రిడ్ వరి విత్తనం: ఒక యాసంగి లెక్క

2024-25 యాసంగిలో ఎకరం పొలంలో వేసిన ఒక ప్రైవేటు కంపెనీ హైబ్రిడ్ వరి విత్తనం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. రకం పేరు గానీ కంపెనీ పేరు గానీ ఇందులో రాయడం లేదు. ఒక్క పొలంలో, ఒక్క కాలంలో నేను చూసినదాన్ని పట్టుకుని ఒక సంస్థ మీద తీర్పు చెప్పడం న్యాయం కాదనిపించింది. అయితే ఏ హైబ్రిడ్ కొన్నా రైతు చూసుకోవలసిన సంగతులు ఈ ఎకరంలో చాలా వరకు కనిపించాయి కాబట్టి, కొలతలతో సహా వివరంగా రాస్తున్నాను. మాది కరీంనగర్ జిల్లా. నేను వ్యవసాయ డిప్లొమా చదివి, ఇరవై ఏళ్లుగా సొంత పొలం చేసుకుంటున్నాను. కొన్నేళ్లు హైబ్రిడ్ విత్తనోత్పత్తి కూడా చేశాను, అంటే ఒక రకం ఆడ వరుసలకు పక్కనే నాటిన ఇంకో రకం మగ వరుసల పుప్పొడి పట్టించి విత్తనం తీసే, మా వైపు అందరూ ఆడ-మగ సాగు అనే పని.

విత్తనం 3 కిలోల సంచుల్లో వస్తుంది, ఎకరానికి రెండు సంచులు చాలు. రెండింటికీ కలిపి 2,000 రూపాయలైంది. దొడ్డు గింజ రకం, పంటకాలం 125 నుంచి 130 రోజులని సంచి మీద ఉంది. సంచి మీదా, దుకాణం ముందు కట్టిన బ్యానర్ మీదా ఒకే బొమ్మ: అరచేతిలో పెట్టి చూపిస్తున్న బారెడు కంకి. నేను కూడా ఆ కంకిని చూసే కొన్నాను. పోల్చి చూడడానికి ఆ ఎకరం పక్కనే అర ఎకరంలో ఎంటీయూ 1010, అంటే మనం కాటన్‌దొర సన్నాలు అనే రకం, వేశాను. రెండింటికీ డిసెంబరు 15న ఒకే రోజు నారు పోశాను. బావి ఒకటే, నేల ఒకటే, కూలీలు కూడా ఒకటే ముఠా.

నారు విషయంలో ఈ హైబ్రిడ్‌కు మనస్ఫూర్తిగా మంచి మార్కులు వేస్తాను. డిసెంబరు చలిలో 1010 నారు పసుపు తిరిగి కదలకుండా కూర్చుంటే, హైబ్రిడ్ నారు ముదురు ఆకుపచ్చగా లేచింది. విత్తనాన్ని పలచగా చల్లినందువల్ల పీకే సమయానికి చాలా మొక్కలకు నారుమడిలోనే రెండేసి పిలకలు వచ్చాయి. తల్లిదండ్రులను మించి పెరిగే ఈ తొలి ఊపు హైబ్రిడ్ లక్షణమే. చైనాలో వరి శాస్త్రవేత్త యువాన్ లాంగ్‌పింగ్ బృందం 1970లో హైనాన్ దీవిలో దొరికిన ఒక మగ వంధ్య (సొంత పుప్పొడి పనిచేయని) అడవి వరి మొక్కతో మొదలుపెట్టి, 1976 నాటికి హైబ్రిడ్ వరిని రైతుల పొలాలకు చేర్చింది ఈ ఊపును నమ్ముకునే. మన దేశంలో భారత వ్యవసాయ పరిశోధన మండలి 1989లో పెద్ద ఎత్తున ఈ పని చేపట్టింది. 1994 ప్రాంతంలో వచ్చిన మొదటి హైబ్రిడ్లలో మార్టేరు పరిశోధన స్థానం రూపొందించిన ఏపీహెచ్‌ఆర్-1, ఏపీహెచ్‌ఆర్-2 ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ పనికి కేంద్రంగా ఉంది.

అసలు విషయం పొట్ట దశ, అంటే కంకి ఇంకా ఆకు ఒర లోపలే ఉండే దశ, దాటాక మొదలైంది. 1010 మార్చి 25 నాటికి సగం పూతకు, అంటే మడిలో సగం మొక్కలు పూసే దశకు, వచ్చింది. హైబ్రిడ్ సగం పూతకు రావడానికి ఏప్రిల్ 5 అయింది. నారు పోసిన రోజు నుంచి లెక్కిస్తే 1010కి 100 రోజులు, హైబ్రిడ్‌కు 111 రోజులు. వరి పూత పూసిన తరువాత కోతకు సుమారు 30 రోజులు పడుతుంది కాబట్టి, సంచి మీద రాసిన 130 రోజులు మా యాసంగి చలికి 140 దాటాయి. చలికాలంలో నారు నెమ్మదిగా పెరిగి పంటకాలం సాగడం మామూలే, దానికి విత్తనాన్ని తప్పు పట్టను. అయితే కొత్త రకాలను రూపొందించే ప్రజనన శాస్త్రవేత్తలు ప్రతి రకానికీ నమోదు చేసే ముఖ్య లక్షణాల్లో ఒకటి సగం పూతకు వచ్చే రోజులు. ఆ ఒక్క అంకె యాసంగికి ఎంత, వానకాలానికి ఎంత అని సంచి మీద విడివిడిగా ముద్రిస్తే, రైతు నారు పోసే తేదీని వెనక్కి లెక్కగట్టుకుంటాడు. పదకొండు రోజుల తేడా చిన్నది కాదని ఏప్రిల్ మొదటి వారంలో నాకు తెలిసింది.

వరి పువ్వు ఉదయం తొమ్మిది దాటాక విచ్చుకుని, మధ్యాహ్నంలోపు మూసుకుంటుంది. ఆ రెండు మూడు గంటల్లో ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా రాలదు, రాలినా కీలాగ్రం మీద మొలకెత్తదు, గింజ తాలుగా మిగిలిపోతుంది. 1010 ఆ ఎండ ముదరకముందే పూత ముగించుకుంది. హైబ్రిడ్ సరిగ్గా ఆ ఎండలోనే పూసింది.

గింజ గట్టిపడ్డాక నాలుగు వెదురు బద్దలతో మీటరు చదరపు చట్రం కట్టి, ఒక్కో మడిలో గట్టు నుంచి లోపలికి నడిచి ఐదు చోట్ల వేసి లెక్కపెట్టాను. గట్టు పక్క దుబ్బులను కావాలనే వదిలేశాను. గట్టు పక్క మొక్కకు వెలుతురు ఎక్కువ, ఎరువు ఎక్కువ, అందువల్ల కంకి కూడా పెద్దదవుతుంది. కంపెనీ ప్రతినిధి మా ఊళ్లో క్షేత్ర దినోత్సవం పెట్టినప్పుడు ఫొటోలు తీసింది గట్టు పక్క కంకులనే. ఆయన్ను లోపలికి రమ్మని పిలిచాను, మడిలో తడి ఉందని రాలేదు. ఆ రోజు పక్క చేను పెద్దాయన హైబ్రిడ్ కంకిని వేళ్లతో కొలిచి, "కంకి జానెడు దాటింది గదా తమ్మీ, ఇంకేం కావాలె?" అన్నాడు. ఆయన అన్నమాట నేను కూడా నమ్మిన మాటే. ఈ సమీక్షలో నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఆ మాటకు జవాబు.

సగటున హైబ్రిడ్ కంకి 27 సెంటీమీటర్లు, 1010 కంకి 23 సెంటీమీటర్లు. హైబ్రిడ్ కంకికి గింజ గూళ్లు 205, 1010 కంకికి 118. ఇంతవరకు చూస్తే హైబ్రిడ్ ఒకటిన్నర రెట్లకు పైగా పండాలి. కానీ హైబ్రిడ్ కంకిలోని 205 గూళ్లలో నిండినవి 140 మాత్రమే, 1010 కంకిలో 118కి 100 నిండాయి. చదరపు మీటరుకు కంకులు హైబ్రిడ్‌లో 270, 1010లో 330. వెయ్యి గింజల బరువు హైబ్రిడ్‌కు 22.5 గ్రాములు, 1010కి 23.5 గ్రాములు. ఈ మూడు అంకెలను గుణిస్తే, అంటే కంకుల సంఖ్యను నిండిన గింజల సంఖ్యతోనూ గింజ బరువుతోనూ గుణిస్తే, హైబ్రిడ్‌కు చదరపు మీటరుకు 850 గ్రాములు, 1010కి 775 గ్రాములు వస్తాయి. కోత మిషన్ నష్టం, గట్లు, కాలువలు పోగా కాంటా మీద ఎకరానికి హైబ్రిడ్ 30 క్వింటాళ్ల 50 కిలోలు తూగింది. అర ఎకరం 1010 మాత్రం 14 క్వింటాళ్లు, అంటే ఎకరానికి 28. కంకి నాలుగు సెంటీమీటర్లు పొడవుగా ఉన్నా చేతికి వచ్చిన తేడా రెండున్నర క్వింటాళ్లే.

కంకి పొడవుకూ దిగుబడికీ సంబంధమే లేదని నా ఉద్దేశం కాదు. హైబ్రిడ్ల మీద జరిగే పరిశోధనల్లో ఎత్తు, పిలకలు, కంకి పొడవు, కంకిలోని గింజలు, గింజ బరువు వంటి లక్షణాలను ఒక్కొక్కటిగా దిగుబడితో పోల్చి సహసంబంధం, అంటే రెండూ ఎంతవరకు కలిసి పెరుగుతున్నాయో, లెక్కిస్తారు, అందులో కంకి పొడవుకు కూడా తరచుగా అనుకూల సంబంధమే కనిపిస్తుంది. కానీ ఆ సంబంధం ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోవడానికి ఇంకో మెట్టు ఎక్కాలి. అమెరికా జన్యుశాస్త్రవేత్త సీవాల్ రైట్ 1921లో వివరించిన పథ విశ్లేషణ అనే లెక్క ఆ పని చేస్తుంది. 1959లో డ్యూయీ, లూ అనే ఇద్దరు దాన్ని ఒక గడ్డిజాతి మొక్క విత్తన దిగుబడికి అన్వయించాక, పంటల ప్రజననంలో అది రోజువారీ పనిముట్టుగా మారింది. ఒక లక్షణం దిగుబడిని నేరుగా ఎంత పెంచుతోంది, ఇంకో లక్షణం చేయి పట్టుకుని ఎంత పెంచుతోంది అనేది అందులో విడిపోతుంది. వరిలో ఆ లెక్క వేసినప్పుడు నేరుగా పనిచేసేవిగా తరచుగా తేలేవి కంకి వేసిన పిలకల సంఖ్య, కంకికి నిండిన గింజల సంఖ్య. కంకి పొడవు చేసే మేలులో ఎక్కువ భాగం నిండిన గింజల ద్వారానే వస్తుంది. గింజ నిండకపోతే పొడవుకు తనదంటూ ఇచ్చేది పెద్దగా ఉండదు. నా మడిలో జరిగింది అదే.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఈ లక్షణాలు ఒకదాన్నొకటి లాగుతుంటాయి. పిలకలు పెరిగితే కంకి చిన్నదవుతుంది, కంకి పెద్దదైతే పిలకలు తగ్గుతాయి, గూళ్లు మరీ ఎక్కువైతే వాటన్నిటినీ నింపే శక్తి ఆకులకు చాలదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1989 తరువాత తక్కువ పిలకలు, కంకికి 200 నుంచి 250 గింజలు అనే నమూనాతో కొత్త రకం మొక్కను రూపొందించే పని పెట్టుకుంది. తొలి తరం మొక్కలు అనుకున్నంత పండకపోవడానికి ప్రధాన కారణాల్లో గింజ నిండకపోవడం ఒకటి. అంత పెద్ద సంస్థకు ఎదురైన ఆటంకం ఒక ఎకరం రైతుకు ఎదురుకావడంలో ఆశ్చర్యం లేదు. చైనా 1996లో మొదలుపెట్టిన సూపర్ వరి పథకంలో పెద్ద కంకితో పాటు నిలువుగా, పొడవుగా నిలబడే పోటాకుకు, అంటే కంకికి సరిగ్గా కింద వచ్చే చివరి ఆకుకు, అంత ప్రాధాన్యం ఇచ్చింది కూడా ఇందుకే. పోటాకు నిటారుగా ఉంటే వెలుతురు కింది ఆకులకూ అందుతుంది, గింజలోకి చేరే పిండిపదార్థంలో ఎక్కువ వంతు పై మూడు ఆకుల నుంచే వస్తుంది. మా హైబ్రిడ్ పోటాకు వెడల్పుగా, ఏపుగా ఉంది గానీ కంకి బయటికి వచ్చాక సగానికి వంగి కింది ఆకు మీద పడుకుంది. 1010 పోటాకు కోత దాకా నిలబడే ఉంది.

తాలు ఎందుకు వచ్చిందో తేల్చుకోవడానికి నేను చేసిన పని ఎవరైనా చేయవచ్చు. ఒక కంకిని దులిపి, తాలు గింజలను ఒక్కొక్కటిగా ఎండకు అడ్డంగా పట్టుకుని చూశాను. కొన్ని పొట్టులో వెలుగు అటు నుంచి ఇటు దూసుకొస్తుంది, లోపల ఏమీ ఉండదు. అంటే ఆ పువ్వు ఫలదీకరణే చెందలేదు. కొన్నింటిలో అడుగున గోరంత కన్నా చిన్న నల్లటి నీడ కనిపిస్తుంది, అంటే గింజ కట్టడం మొదలై మధ్యలో ఆగిపోయింది. నేను చూసిన కంకుల్లో సగటున 65 తాలు గింజలకు 40 మొదటి రకం, 25 రెండో రకం. రెండో రకంలో ఎక్కువ భాగం కంకి మొదట్లో, చిన్న కొమ్మల మీద ఉన్నాయి. అవి ఆలస్యంగా పూసి, ఆహారం కోసం పై గింజలతో పోటీపడలేక ఓడిపోయినవి. పెద్ద కంకి హైబ్రిడ్లన్నిటిలోనూ ఈ బలహీనత కొంతైనా ఉంటుంది. పొటాష్ రెండో దఫా అంకురం దశలో, అంటే కాండం లోపల కంకి రూపు కట్టే వేళ, వేయకుండా ఆలస్యం చేసిన తప్పు నాదే కాబట్టి, ఇందులో కొంత వాటా నేను ఒప్పుకుంటాను.

మొదటి రకం 40కి మాత్రం రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి ఎండ. రెండోది హైబ్రిడ్‌కు మాత్రమే ఉండే కారణం. ఆడ వరుస మొక్క కణద్రవ్యంలో, అంటే కణంలో కేంద్రకం బయటి భాగంలో, మగ వంధ్యత్వం ఉంటుంది, మగ వరుస మొక్క తెచ్చే పునరుద్ధరణ జన్యువులు, ముఖ్యంగా శాస్త్రవేత్తలు ఆర్ఎఫ్3, ఆర్ఎఫ్4 అని పిలిచేవి, ఆ వంధ్యత్వాన్ని కప్పిపెట్టి హైబ్రిడ్ మొక్కలో పుప్పొడిని తిరిగి మామూలుగా తయారుచేయాలి. ఆ పని అరకొరగా జరిగితే చల్లటి రోజుల్లో కూడా తాలు పడుతుంది. మా మడిలో నీడ పడే చింతచెట్టు వైపు, మధ్యాహ్నం ముందే నీడ వచ్చే చోట దుబ్బుల్లో తాలు బాగా తక్కువగా ఉంది. కాబట్టి పునరుద్ధరణ లోపం కన్నా ఎండదే ఎక్కువ బాధ్యత అని నా అంచనా. కంకికి 205 గూళ్లలో 80 శాతం నిండి ఉంటే ఇదే ఎకరంలో ఇంకో ఐదు క్వింటాళ్లకు పైగా వచ్చేవి. విత్తనంలో సత్తువ లేక పోయిన ఐదు క్వింటాళ్లు కావవి. పూత తేదీ ఎండలోకి జారినందువల్ల పోయినవి. అందుకే ఈ రకాన్ని తీసిపారేయడం లేదు.

పిలకల సంఖ్యలో తేడాకు కూడా విత్తనం ఒక్కటే కారణం కాదు. హైబ్రిడ్ నారు దుబ్బుకు ఒకటి రెండు మొక్కలే పెట్టాలి. వరుసల మధ్య 20, మొక్కల మధ్య 15 సెంటీమీటర్ల దూరంలో నాటితే చదరపు మీటరుకు 33 దుబ్బులు వస్తాయి. నారు తక్కువగా ఉందన్న భయంతో కూలీలు దూరం దూరంగా నాటారు, నేను గట్టు మీద నుంచి గమనించలేదు. లెక్కపెడితే 28 దుబ్బులే తేలాయి. 1010లో మాత్రం 33 వచ్చాయి. కంకి ఎంత పెద్దదైనా ఖాళీ జాగాను నింపలేదు. నాటు రోజున ఒక్క పూట మడిలో దిగి చట్రం వేసుకుని చూడడం ఏ ఎరువుకన్నా విలువైన పని.

విత్తన స్వచ్ఛత విషయంలో కంపెనీ మాట నిలబెట్టుకుంది. పూత సమయంలో పది చోట్ల లెక్కించిన 280 దుబ్బుల్లో 9 మాత్రమే తేడాగా ఉన్నాయి. హైబ్రిడ్ వరికి ప్రమాణం 95 శాతం స్వచ్ఛత కాబట్టి ఇది నిబంధన లోపలే. ఆ తొమ్మిదిలో నాలుగింటిని చూడగానే గుర్తుపట్టాను. కంకి పూర్తిగా బయటికి రాదు, మొదట్లో మూడోవంతు పోటాకు ఒరలోనే ఇరుక్కుని ఉంటుంది. పుప్పొడి తిత్తులు పసుపుగా ఉబ్బి ఉండవలసింది పోయి తెల్లగా, సన్నగా ముడుచుకుని ఉంటాయి. అరచేతిలో తట్టి చూస్తే పొడి రాలదు. ఇవి ఆడ వరుస మొక్కలే, విత్తనోత్పత్తి మడిలో ఎక్కడో కలిసిపోయి సంచిలోకి వచ్చినవి. కరీంనగర్, వరంగల్ వైపు యాసంగిలో రెండు మగ వరుసలకు ఎనిమిది ఆడ వరుసల చొప్పున నాటి, కంకి ఒర దాటి బయటికి రావడానికి జిబ్బరెల్లిక్ ఆమ్లం చల్లి, పూత వేళ ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని మగ వరుసల మీదుగా లాగి పుప్పొడి దులుపుతారు. ఆ పనిలో ఎండలో గంటల తరబడి నడిచినవాడిగా చెబుతున్నాను, వంద మొక్కల్లో మూడు తప్పిపోవడం నిర్లక్ష్యం కాదు.

మొక్క ఎత్తు 115 సెంటీమీటర్లు వచ్చింది, 1010 కన్నా 15 సెంటీమీటర్లు ఎక్కువ. అకాల గాలి రెండుసార్లు వచ్చినా పడిపోలేదు. గడ్డి ఎక్కువ వచ్చింది, గేదెలున్న ఇంటికి అది లాభమే. కానీ ఒక చదరపు మీటరు పంటను మొదలుకంటా కోసి ఆరబెట్టి తూచితే, మొత్తం బరువులో గింజ వాటా హైబ్రిడ్‌లో 45 శాతం, 1010లో 48 శాతం. మొక్క తయారుచేసుకున్న బలంలో కొంత కంకిలోకి ఎక్కకుండా గడ్డిలోనే ఉండిపోయింది. సుడి దోమ రెండింటికీ వచ్చింది, రెండింటికీ ఒకే మందు కొట్టాను, ఆ విషయంలో తేడా చెప్పుకోదగ్గది లేదు.

డబ్బు లెక్క చిన్నదే. 2024-25లో ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాకు 2,320 రూపాయలు ఉండేది కాబట్టి రెండున్నర క్వింటాళ్లకు 5,800 రూపాయలు అదనంగా వచ్చాయి. విత్తనానికీ, అదనంగా వేసిన ఎరువుకూ కలిపి 2,800 దాకా ఎక్కువ ఖర్చైంది. చేతిలో మిగిలింది ఎకరానికి 3,000. సన్న వడ్లకు రాష్ట్రం 2024 వానకాలం నుంచి ప్రకటించిన క్వింటాకు 500 రూపాయల బోనస్ ఈ రకానికి వర్తించలేదు, ఇది దొడ్డు గింజ. యాసంగి వడ్లు బియ్యం ఆడిస్తే నూక ఎక్కువవుతుంది కాబట్టి మిల్లులు ఎలాగూ ఉప్పుడు బియ్యానికే వాడతాయి, ఆ వాడుకకు ఈ గింజ సరిపోతుంది. ఇంట్లో తినడానికి మాత్రం మేము ఇష్టపడలేదు, అన్నం చల్లారాక బిరుసెక్కింది.

పక్క చేను పెద్దాయన ఈ వడ్లలోంచి వచ్చే వానకాలానికి విత్తనం అడిగారు. ఇవ్వలేదు. హైబ్రిడ్ గింజను మళ్లీ విత్తితే తరువాతి తరంలో మొక్కలు పొట్టివి, పొడవువి, ముందు పూసేవి, వెనక పూసేవిగా చీలిపోతాయి, కొన్ని పూర్తిగా తాలు కంకులే వేస్తాయి. ఆయన్ను మడిలోకి తీసుకెళ్లి ఒక కంకిని దులిపి, తాలు గింజను ఎండకు పట్టి చూపించాను. ఆయన తన కంకులను కూడా అలాగే చూసుకున్నారు.

ఐదు మార్కులకు ఈ విత్తనానికి మూడున్నర వేస్తాను. నారు బలానికీ, స్వచ్ఛతకూ, పడిపోకుండా నిలబడినందుకూ అవి. ఒకటిన్నర తగ్గించింది పంటకాలాన్ని యాసంగికి వేరుగా రాయనందుకూ, బరువైన కంకికి తగ్గ పోటాకు లేనందుకూ. నవంబరు మూడో వారంలో నారు పోయగలిగి, మార్చి ముగిసేలోగా పూత పూర్తయ్యే నీటి వసతి ఉన్నవారు దీన్ని నిశ్చింతగా వేయవచ్చు. డిసెంబరు నడుమ దాకా నారు పోయలేని చెరువు కింది పొలాలకు 1010 వంటి తక్కువ కాలం రకమే మేలు. నేను వచ్చే యాసంగికి మళ్లీ రెండు సంచులు తీసుకుంటున్నాను, నవంబరు 20న నారు పోస్తాను. దుకాణంలో ఈసారి అడగబోయేది కంకి పొడవు కాదు, మా జిల్లాలో యాసంగిలో సగం పూతకు ఎన్ని రోజులు పట్టింది, కంకిలో ఎన్ని గింజలు నిండాయి అనే రెండు ప్రశ్నలు.